ఎమ్మెస్ ఆఫ్తల్ తర్వాత ప్రాక్టీసా, టీచింగా? తిరుపతి నుంచి ఒక పాత కంటి డాక్టర్ జవాబు

పీలేరు అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది, ఇప్పుడే చూస్తున్నవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నా. ఎమ్మెస్ ఆఫ్తల్మాలజీ సీటు వచ్చింది, ఇంట్లో "అంత చదివి చివరికి కంటి డాక్టరేనా" అంటున్నారు, సీనియర్ ఒకాయనేమో "టీచింగ్‌లోకి పోతే చెయ్యి పోతుంది, ప్రాక్టీసులోకి పోతే చదువు పోతుంది, ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడంట, నిజమేనా సార్, రెండూ కలిపి చెయ్యలేమా అని.

మొదటిదానికి పెద్దగా చెప్పేదేం లేదమ్మా. ఆ మాటన్న పెద్దాయనకు చత్వారం వచ్చిందో లేదో కనుక్కో, రాకపోయుంటే తొందర్లోనే వస్తుంది, పేపరు చేతులు బారచాపి పట్టుకుని చదవాల్సొచ్చిన రోజు ఆయనే నీ దగ్గరికొస్తాడు.

రెండోదానికి మాత్రం కొంచెం టైం తీసుకుని రాస్తా. నేను 1988లో పీజీలో చేరినా. ముప్పై ఏళ్ళ పైన గవర్నమెంట్ సర్వీసే, తిరుపతిలో ఎక్కువ, చిత్తూరులో కొంత, రిటైరయ్యాక ఇప్పుడు ఒక ప్రైవేట్ కాలేజీకి వారంలో మూడు రోజులు పోతా ఉన్నా. ఏ హాస్పిటల్, ఎవరు అని పేర్లు మాత్రం రాయను, ఎందుకంటే కింద కొన్ని తప్పులు కూడా చెప్తున్నా, వాటిల్లో నావే ఎక్కువ.

మీ సీనియర్ చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. టీచింగ్ హాస్పిటల్లో నేను రెండు రకాల ప్రొఫెసర్లను చూశా. ఒకాయన ప్రతి కేసూ తానే చేస్తాడు, పీజీ పక్కన కూర్చుని కార్నియా, అంటే నల్లగుడ్డు మీదుండే అద్దంలాంటి పొర, ఎండిపోకుండా చుక్క చుక్క నీళ్ళు పోస్తా ఉంటాడు, మూడేళ్ళు నీళ్ళు పోసి డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతాడు. ఇంకొకాయన కేసు పీజీకి అప్పజెప్పి టీ తాగడానికి పోతాడు, ఏదన్నా జరిగితే పిలవండి అంటాడు, పిలిచేసరికి జరగాల్సింది జరిగిపోయుంటుంది. మొదటాయన చెయ్యి బాగుంటుంది, రెండో ఆయన చెయ్యి పోతుంది, నిజమే. కానీ ఈ రెండూ సులువైన పనులే. అసలు కష్టం ఎక్కడంటే, అసిస్టెంట్ మైక్రోస్కోపులో నుంచి ప్రతి కదలికా చూస్తా, నీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు లాక్కోవాలో ఎప్పుడు వదిలేయాలో సెకండు సెకండుకీ తేల్చుకుంటా కూర్చోవడం. నన్నడిగితే కంటి డాక్టరు టీచింగ్ అంటే అదే, మిగతాదంతా పవర్‌పాయింట్.

నా టైంలో నాకు చెప్పినాయన మొదటి రకం. గొప్ప చెయ్యి ఆయనది, ఇప్పటికీ ఆ చెయ్యి కళ్ళముందు ఆడుతుంది, కానీ నా మూడేళ్ళలో నేను మొదటి నుంచి చివరిదాకా చేసిన కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అప్పటి శుక్లం ఆపరేషన్ కూడా వేరేలే. కన్ను దాదాపు సగం చుట్టూ కోసి, క్రయో ప్రోబు లెన్సుకు అంటిస్తే మంచులాగా గడ్డకట్టి పట్టుకుంటుంది, మసకబారిన సొంత లెన్సును మొత్తం సంచితో సహా బయటకు లాగేసేవాళ్ళం. దాని బదులు లోపల కృత్రిమ లెన్స్ పెట్టేది లేదు. కుట్లు వేసి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టి, తర్వాత సోడాబుడ్డి అద్దాలు, ప్లస్ పది నంబరు. ఆ అద్దాల్లో ప్రతిదీ పాతిక శాతం పైనే పెద్దగా కనపడుతుంది, మెట్టు ఇక్కడుందనుకుని కాలేస్తే అక్కడుంటుంది, పక్కనుంచి వచ్చే మనిషి ఉన్నట్టుండి ఎదురుగా ఊడిపడతాడు. శుక్లం తీసేశారు, చూపు వచ్చిందని మనం సంతోషపడేవాళ్ళం, ముసలాయన మాత్రం అద్దాలు జేబులో పెట్టుకుని కర్ర పట్టుకుని తడుముకుంటా ఇంటికి పోయేవాడు.

క్యాంపులు స్కూళ్ళల్లో, కల్యాణ మండపాల్లో పెట్టేవాళ్ళం, అక్కడే టేబుళ్ళేసి ఆపరేషన్లు కూడా. ఇప్పుడలా చెయ్యకూడదు, పేషెంటును హాస్పిటల్‌కు తీసుకొచ్చే చెయ్యాలి, ఆ మార్పు చాలా మంచిదైంది. ఆ రోజులు బంగారం అనేవాళ్ళ మాట నమ్మొద్దు.

ఇప్పుడు నా మొదటి పాఠం చెప్తా, నేను చెప్పిన పాఠం కాదు, నేను తిన్న పాఠం.

అసిస్టెంట్ ప్రొఫెసర్ అయిన కొత్తల్లో, అప్పటికి కుట్టులేని చిన్న కోత ఆపరేషన్, అదే ఎస్ఐసీఎస్, మా దగ్గర బాగా కుదురుకుంది. నగరి వైపు నుంచి మగ్గం పని చేసే ఒకావిడ వచ్చింది, అరవై దాటింటుంది, పోగు కనపడటం లేదని వచ్చింది. మా సెకండియర్ పీజీ ఒకడు తెలివైనవాడు, మేక కళ్ళ మీద బాగా ప్రాక్టీసు చేసినాడు, వాడికిచ్చా. టన్నెల్ బాగా వేశాడు. టన్నెల్ అంటే ఏంటో నీకు తొందర్లోనే తెలుస్తుంది, పైన తెల్లగుడ్డు మీద ఆరు మిల్లీమీటర్ల గీత, ఏడుపు మొహంలాగా కిందికి వంపు తిరిగిన గీత, దాంట్లో నుంచి క్రెసెంట్ బ్లేడు పొరల మధ్యన తోసుకుంటా పోవాలి. బ్లేడు పైనుంచి లీలగా కనపడతా ఉండాలి. మరీ స్పష్టంగా కనపడిందంటే పైకొచ్చేసినావు, కాజా చిల్లు పడుతుంది, అసలు కనపడకపోతే లోతుకు పోయినావు, అనుకున్నదానికంటే ముందే లోపలికి జారిపోతావు. ఆ లీలగా అనేదాన్ని ఏ పుస్తకమూ చెప్పలేదు, చూపించాల్సిందే.

అంతా బాగుంది, న్యూక్లియస్, అంటే లెన్సు మధ్యలోని గట్టి భాగం, ముందు గదిలోకి వచ్చింది, వెక్టిస్‌తో బయటకు తెచ్చాడు, నేను లోపల ఊపిరి వదిలేశా. అక్కడే నా తప్పు. న్యూక్లియస్ వచ్చేసింది కదా ఇంకేముంది అనుకున్నా. మిగిలిన కార్టెక్స్, అంటే దాని చుట్టూ ఉండే మెత్తటి భాగం, సిమ్కో కాన్యులా అనే సన్న గొట్టంతో కడుగుతా ఉంటే వెనక సంచి కాన్యులాకు పట్టుకుంది, సన్నటి గీతలు నక్షత్రంలాగా ఒక్కచోటికి లాగుతా కనపడ్డాయి. ఆ గీతలు కనపడగానే ఆపేసి, వెంటనే వెనక్కి ఊదాలి, లాగకూడదు. వాడు లాగాడు. సంచి చినిగింది, విట్రియస్, అంటే కంటి లోపలుండే జిగురు, ముందుకొచ్చింది.

దానికంటే ఘోరం ఏంటంటే వాడు గట్టిగా "సార్, పీసీ పోయింది, ఇప్పుడేం చెయ్యాలి" అన్నాడు. పేషెంటుకు కంటి చుట్టూ మత్తు సూది వేస్తాం తప్ప మనిషికి మెలకువే కదా, గుడ్డ కింద అన్నీ వింటా ఉంటుంది. ఆవిడకు పీసీ అంటే వెనక సంచి అని తెలీదు, కానీ ఆ గొంతు తెలుసు. గుడ్డ కింద నుంచి "ఏమైంది సామీ, ఏం పోయింది" అంది.

నేను సీట్లోకి జరిగి విట్రెక్టమీ, అంటే ముందుకొచ్చిన ఆ జిగురు తీసేయడం, చేసి, సంచి ముందు అంచు మిగిలుంటే దాని మీద లెన్స్ పెట్టి బయటపడ్డా. నెల తర్వాత చూపు 6/12 దాకా వచ్చింది, పెద్ద నష్టం జరగలేదనే చెప్పాలి. కానీ ఆవిడ ఆ పిల్లోడిని మళ్ళీ దగ్గరికి రానియ్యలేదు. వాడు చుక్కలు వెయ్యడానికి పోతే మొహం తిప్పుకునేది. మరుసటి రోజు రౌండ్స్‌లో నేను కూర్చుని విషయం చెప్పా, అమ్మా నీ కంట్లో లెన్సు ఉండే సంచి చినిగింది, చేసేది మా దగ్గర నేర్చుకునే డాక్టరు, నేను పక్కనే ఉన్నా, బాధ్యత నాది, ఇంకో రెండుసార్లు ఎక్కువగా చూపించుకోవాలి అని. ఆవిడ ఏడ్చింది, తిట్టింది కూడా, "నా కండ్లే దొరికినాయా మీకు" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. రెండో కంటికి ఆరు నెలల తర్వాత నా దగ్గరికే వచ్చింది, ఒకటే షరతు, "నువ్వే చెయ్యాల, ఇంకెవురూ ముట్టుకోకూడదు". చేశా.

ఆ మాట వల్ల నా పద్ధతి మొత్తం మారిపోయింది. ఒంటి కన్ను పేషెంటు, అంటే రెండో కన్ను ఇదివరకే పోయినవాళ్ళు, ఏ పరిస్థితిలోనూ పీజీకి ఇవ్వను. మొత్తం ఆపరేషన్ ఒకేసారి చేతికివ్వను, ముక్కలు ముక్కలుగా ఇస్తా. ఒక నెల ఉత్త టన్నెల్, ఎందుకంటే టన్నెల్ చెడితే కుట్టు వేసి సరిచేసుకోవచ్చు. ఒక నెల లెన్స్ పెట్టడం. సంచి దగ్గరి పనులు అన్నిటికంటే చివర. తర్వాత, నేను నేర్చుకునే డాక్టర్లతో కలిసి చేస్తానని పేషెంటుకు ముందే చెప్తా, వద్దన్నవాళ్ళకు వద్దు. చాలామంది వద్దనరు, ఆశ్చర్యంగా ఉంటుంది కానీ వద్దనరు, నువ్వు పక్కనుంటావు కదా సామీ అంటారు. ఆ ఒక్క మాట కోసం ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంటాం.

ఇంకోటి, మా థియేటర్లో భాష. ఆ రోజు నుంచి మా టేబుల్ దగ్గర "అయ్యో", "పోయింది", "ఇప్పుడెట్ల" అనే మాటలు లేవు. నేను "చాలా బాగుంది" అంటే ఉన్నచోటే ఆపు అని అర్థం. "బ్రహ్మాండం" అంటే చేతిలో ఉన్నది మెల్లిగా బయటకు తీసి నాకు సీటివ్వు అని అర్థం. పేషెంటుకేమో డాక్టర్లు సంతోషంగా ఉన్నారనిపిస్తుంది. ఒకసారి బయటి నుంచి చూడ్డానికి వచ్చిన ఒక ఎగ్జామినర్ మా పీజీని "మీ సార్ బాగా మెచ్చుకుంటున్నారే" అన్నాడంట, వాడికి చెమటలు.

సరే, చెయ్యి పోతుందా అన్న ప్రశ్నకొస్తే, నా అనుభవం తలకిందులు. ఒక పని నువ్వు చెయ్యడం వేరు, దాన్ని నోటితో చెప్పడం వేరు. వాడికి ఏ పాయింట్లో ఏం కనపడాలో మాటల్లో చెప్పాల్సొచ్చేసరికి, నేను పదేళ్ళుగా తెలీకుండా చేస్తున్న పనులేంటో నాకే తెలిసొచ్చాయి. కాకపోతే వారానికి కొన్ని కేసులు నీవి నువ్వు చేసుకోవాలి, పూర్తిగా. అది వదిలేసినవాళ్ళ చెయ్యే పోయేది.

చదువు సంగతి. ప్రాక్టీసులోకి పోతే చదువు పోతుందంటారు కానీ, మన సబ్జెక్టు ఎంత తొందరగా మారిందంటే, ప్రాక్టీసైనా టీచింగైనా సరే మళ్ళీ మళ్ళీ స్టూడెంట్ అవ్వాల్సిందే. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే ఆయన మొట్టమొదటిసారి కంట్లో లెన్స్ పెట్టింది 1949లో. యుద్ధంలో పైలట్ల కళ్ళల్లో విమానం అద్దం ముక్కలు, ప్లాస్టిక్‌వి, గుచ్చుకుని ఏళ్ళ తరబడి ఏమీ చెయ్యకుండా ఉండిపోవడం చూసి ఆయనకు వచ్చిన ఆలోచన. 1949లో మొదలైంది 1988లో కూడా మా పేషెంటు దాకా రాలేదు, అది గుర్తుపెట్టుకో. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళ ఆరోల్యాబ్ తక్కువ ధరకు లెన్సులు చెయ్యడం మొదలుపెట్టడం, 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు నడవడం, ఈ రెండిటి వల్ల పల్లెటూరి ముసలివాళ్ళ కళ్ళల్లోకి లెన్స్ వచ్చింది. అప్పుడు నా కంటే పెద్ద ప్రొఫెసర్లు యాభై ఏళ్ళు దాటాక మైక్రోస్కోపు కింద కూర్చుని, మాలాంటి కుర్రాళ్ళతో పాటు మొదటి నుంచి నేర్చుకోవాల్సొచ్చింది. కొంతమంది నేర్చుకున్నారు, కొంతమంది లెన్స్ పెడితే కన్ను పాడైపోతుందని వాదిస్తా రిటైరైపోయారు.

నాకూ ఆ రోజు వచ్చింది. ఫేకో, అంటే అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే ఆపరేషన్, అమెరికాలో కెల్మన్ అనే డాక్టర్ 1967లో కనిపెట్టినా, మా గవర్నమెంట్ హాస్పిటల్‌కు మిషన్ వచ్చేసరికి నా జుట్టు నెరిసింది. వచ్చిన మిషన్ కూడా స్టాక్ రిజిస్టర్లో సరిగ్గా ఎక్కలేదని చాలా కాలం స్టోర్ రూములో తాళం వేసుకుని కూర్చుంది, నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాశా, ఆ ఫైలు తిరిగినంత దూరం నేను కొండకు నడిచుంటే ఎంత పుణ్యమో. చివరికి బయటకొచ్చాక నాకు ఫేకో నేర్పింది నా పాత పీజీనే, బయట ఫెలోషిప్ చేసి వచ్చినాడు. నా కాలు పెడల్ మీద వణుకుతా ఉంటే వాడు పక్కన కూర్చుని, ఏ మాత్రం మొహమాటం లేకుండా, "చాలా బాగుంది సార్" అన్నాడు.

ఇప్పుడు పేషెంట్ కేర్ సంగతి, ఎందుకంటే టీచింగ్ అంటే ఉత్త సర్జరీ కాదు, నా లెక్కలో ఓపీలోనే ఎక్కువ జరుగుతుంది.

మన వైపు ఓపీ ఒక వింత. ఒకే పొద్దున పాకాల నుంచి తెలుగాయన, సత్యవేడు నుంచి తమిళం మాట్లాడే ఆవిడ, కుప్పం నుంచి మూడు భాషలు కలిపి మాట్లాడేవాళ్ళు, మధ్యలో ఏ మహారాష్ట్ర నుంచో కొండకొచ్చి క్యూలైన్లో అద్దాలు పోగొట్టుకుని గోడలు పట్టుకుంటా వచ్చిన యాత్రికుడు. గుంటూరు, విజయవాడ పిల్లలు పీజీకొస్తే మొదటి మూడు నెలలు వాళ్ళకు రోగం కంటే భాష కష్టం. ఒకసారి పలమనేరు వైపు నుంచి ముప్పై రెండేళ్ళ రైతు వచ్చినాడు. "మబ్బులో యాడ కాలు పెడ్తా ఉండానో తెలీడంలే సార్" అన్నాడు. మా కోస్తా పిల్ల మబ్బు అంటే మేఘం అనుకుని, కళ్ళు మబ్బుగా ఉన్నాయంట అని మసక చూపు అని రాసింది, టార్చి వేసి చూస్తే లెన్స్ వెనకవైపు కాస్త పొర కూడా కనపడింది, శుక్లం అని రాసి ఆపరేషన్‌కు పంపించేసింది. మన దగ్గర మబ్బు అంటే చీకటి కదా. వాడు తెల్లారకముందే పొలానికి నీళ్ళు కట్టడానికి పోతాడు, అప్పుడు దోవ కనపడటం లేదు, అదీ చెప్పింది. రేచీకటి.

కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి ఇండైరెక్టుతో, అంటే కంటి లోపలిదాకా చూసే పరికరంతో, చూడమని ఆ పిల్లకు చెప్పా. రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే తెర, అంతా ఎముక పేడుల్లాగా నల్లటి మచ్చలు, రక్తనాళాలు దారాల్లాగా సన్నబడిపోయి. రెటినైటిస్ పిగ్మెంటోసా, వంశపారంపర్యంగా వచ్చి రెటీనాను మెల్లిగా పాడుచేసే జబ్బు. దాంతోపాటు లెన్స్ వెనక పొర రావడం మామూలే. అప్పుడు అడిగాం, మీ అమ్మా నాన్నది మేనరికమా అని. అవునన్నాడు, తానూ అక్క కూతుర్నే చేసుకున్నానన్నాడు. ఇద్దరు పిల్లలు. పిల్లల్ని తీసుకురమ్మన్నాం, పెద్దాడికి మొదలైంది.

శుక్లం ఆపరేషన్ చేసుంటే తప్పు కాదు, ఎప్పుడో చెయ్యాల్సిందే, కానీ చూపు మొత్తం తిరిగొస్తుందని మాటిచ్చి చేసుంటే మాత్రం ద్రోహం అయ్యుండేది. దీనికి మాత్రలు, చుక్కలతో నయం చేసే మందు లేదు. ఆయనకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, పిల్లోడి ముందు చెప్పాలా వద్దా, ఏ పని చేసుకోగలడు, వికలాంగుల సర్టిఫికెట్ ఎట్ల తీసుకోవాలి, ఇవన్నీ ఆ పిల్లకు ఆ గంటలో నేర్పించా. గంట అంటే నిజంగా గంట, బయట ఎనభై మంది ఓపీ చీట్లు పట్టుకుని అరుస్తున్నారు. ఆ పిల్ల ఇప్పుడు రెటీనా స్పెషలిస్టు. ఆ తర్వాత మా పీజీ రూములో గోడకు ఒక కాగితం అతికించారు పిల్లలే, మబ్బు అంటే చీకటి, పువ్వు పడింది అంటే కార్నియా మీద తెల్ల మచ్చ, నీటికాసులు అంటే గ్లకోమా, అట్లా ఒక్కొక్కటీ రాసుకుంటా పోయారు.

పువ్వు అంటే గుర్తొచ్చింది. మన జిల్లాల్లో చెరుకు కోసేటప్పుడు ఆకు అంచు కంట్లో తగులుతుంది, వడ్లు తూర్పారబట్టేటప్పుడు పొట్టు పడుతుంది. మొదటి రోజు చనుబాలు, రెండో రోజు ఏదో ఆకు పసరు, మూడో రోజు మెడికల్ షాపు. షాపు అబ్బాయి ఎర్రకన్ను అనగానే స్టెరాయిడ్ కలిసిన చుక్కలిస్తాడు, రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, ఫంగస్‌కు అదే పండగ. పది రోజులకు మన దగ్గరికొచ్చేసరికి కార్నియా పెరుగులాగా తెల్లబడి ఉంటుంది. అప్పుడు గీకి, కేఓహెచ్ ద్రావణంలో పెట్టి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ తీగలు కనపడతాయి, ఫంగస్ మందు నాటమైసిన్ చుక్కలు గంట గంటకూ, వారాల తరబడి. దక్కితే మచ్చతో దక్కుతుంది. నేను చిత్తూరులో ఉన్నప్పుడు విసిగిపోయి, ఆదివారాలు మెడికల్ షాపు కుర్రాళ్ళను కూర్చోబెట్టి ఫోటోలు చూపించా, ఈ కన్నుకు నీ షాపులో మందు లేదు, పంపించెయ్ అని. కాలేజీ లెక్కలో అది టీచింగ్ కాదు, ప్రమోషన్‌కు పనికిరాదు, పేపర్ పబ్లికేషన్ కావాలంటారు. నా మటుకు నేను చెప్పిన క్లాసుల్లో ఎక్కువ కళ్ళు కాపాడింది అదే అనుకుంటా.

ఇంకో మాట కూడా చెప్పాలి, డిశ్చార్జ్ టైంలో ఏం చెప్తామనేది. పుస్తకంలో రాసుంటుంది, తలస్నానం చెయ్యొద్దు, కంట్లో నీళ్ళు పోనివ్వద్దు అని. మా పీజీ చక్కగా అప్పజెప్పేవాడు. పేషెంటు తలూపేది. కన్ను బాగైతే గుండు ఇస్తానని వెంకన్నకు మొక్కుకుని ఉంటుంది, బాగైంది కదా, వారానికే కొండెక్కి గుండు కొట్టించుకుని పుష్కరిణిలో మూడు మునకలు వేసి, చీము పట్టిన కన్నుతో దిగొచ్చిన మనిషిని నేను చూశా. అప్పట్నుంచి మా దగ్గర డిశ్చార్జ్‌లో మొదటి ప్రశ్న, మొక్కు ఏమన్నా ఉందా అని. ఉంటే, స్వామి ఎక్కడికీ పోడు, నెలన్నర ఆగి పో అని చెప్తాం. ఎంబీబీఎస్ పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

నేత్రదానం అడగడం కూడా పీజీలకు నేర్పాల్సిందే, దానికి ఎవరూ క్లాసు తీసుకోరు. శ్రీకాళహస్తి పక్కనే ఉన్నాం, ఎవర్ని కదిలించినా కన్నప్ప కథ చెప్తారు, శివుడికి కన్ను పెకలించి ఇచ్చినాడని. అదే మనిషి చనిపోయిన తండ్రి కళ్ళు అడిగితే వచ్చే జన్మలో గుడ్డివాడుగా పుడతాడేమో అంటాడు. నేను కన్నప్ప పేరు ఎత్తను, చావు ఇంట్లో కథ చెప్పి ఒప్పించడం నాకు నచ్చదు. ఆరు గంటల్లోపు తియ్యాలి, ఇరవై నిమిషాల పని, మొహం చెడదు, ఈలోపు ఫ్యాను ఆపండి, రెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టండి. అంతే చెప్పి పక్కన నిలబడతా. ఒప్పుకునేవాళ్ళు ఒప్పుకుంటారు.

డబ్బు సంగతి అడగలేదు కానీ మనసులో ఉంటుంది, చెప్పేస్తా. టీచింగ్‌లో ప్రాక్టీసంత రాదు. ఎమ్మెస్ మూడేళ్ళు, తర్వాత ఒక ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేస్తేనే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అర్హత, ఆ పైన ఇన్‌స్పెక్షన్లు, హాజరు, పేపర్లు, ట్రాన్స్‌ఫర్లు. నీతో చదివినవాడు టౌనులో ఫేకో సెంటర్ పెట్టి కారు మారుస్తా ఉంటాడు. అసూయ పుడుతుంది, నాకూ పుట్టింది, మా ఆవిడకు నాకంటే ఎక్కువ పుట్టింది. మెడనొప్పి మాత్రం ఇద్దరికీ సమానంగా వస్తుంది, మైక్రోస్కోపు ఎవర్నీ వదిలిపెట్టదు.

రెండూ చెయ్యాలంటే ట్రస్టు హాస్పిటళ్ళు ఒక దోవ. తిరుపతిలోనే ఇప్పుడు అరవింద్ ఉంది, హైదరాబాదులో 1987 నుంచి ఎల్వీ ప్రసాద్ ఉంది, వేలూరు సీఎంసీ వాళ్ళ షెల్ హాస్పిటల్ చిత్తూరు నుంచి గంట దూరం, వీటిల్లో పేషెంట్లను చూడటం, నేర్పడం ఒకే పనిగా జరుగుతుంది. పీజీ అయ్యాక ఫెలోషిప్‌కు ఇట్లాంటి చోటికి ఎక్కడికన్నా పో, తర్వాత ఆలోచించుకో. కేసులకు కరువు వస్తుందని భయం వద్దు, 2015-19 జాతీయ సర్వేలో యాభై దాటినవాళ్ళ గుడ్డితనంలో 66.2 శాతం ఇంకా శుక్లాలదే.

జాయినింగ్ వచ్చే వారం అన్నావు కదా, ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. మేక కళ్ళు సంపాదించు. మీ డిపార్ట్‌మెంట్‌లో వెట్ ల్యాబ్, అంటే జంతువుల కళ్ళ మీద ప్రాక్టీసు చేసే గది, ఉన్నా లేకపోయినా, మటన్ షాపు ఆయనతో ముందే మాట్లాడుకో. తలకాయ కాల్చకముందే కళ్ళు తీసిపెట్టమను, కాల్చాక అడిగితే కార్నియా ఉడికిపోయుంటుంది, దేనికీ పనికిరాదు. పొద్దున ఆరింటికల్లా పోవాలి, స్టీలు డబ్బాలో తడి దూది వేసి తెచ్చుకో, మధ్యాహ్నానికి మసకబారిపోతాయి. ఆదివారం పోతే పది పన్నెండు దొరుకుతాయి. మొదటిసారి అడిగినప్పుడు షాపు ఆయన నిన్ను ఎగాదిగా చూస్తాడు, డాక్టర్నని చెప్పు, రెండో వారం నుంచి ఆయనే పక్కన తీసిపెట్టి, తన కళ్ళు కూడా ఒకసారి చూడమంటాడు.